దొంగ అన్న పద్యం

పేరి సోమయాజులు గారు ఎవరు ఏమడిగినా వెంటనే బదులు చెప్పేవారు కారు. చేతిలో పని పూర్తయ్యాకే నోరు విప్పేవారు. శిష్యుడు భానుమూర్తి ఆరేళ్ళుగా ఆ అలవాటుకు సర్దుకుపోయాడు గాని, ఆ ఉదయం అతనికి ఓపిక లేదు. మర్నాడు పట్నంలో తెలుగు అధ్యాపకుడి ఉద్యోగానికి పరీక్ష. పద్యమిచ్చి వ్యాఖ్య రాయమంటారు. అతని నోటుపుస్తకంలో వందకు పైగా అలంకారాల పేర్లున్నాయి.

"గురువుగారూ, వీటిలో నిజంగా అవసరమైనవి ఏవో చెప్పండి, మిగతావి వదిలేస్తాను. పద్యం మనసుకు తగిలితే చాలదా? తగిలినదానికి పేరెందుకు?"

సోమయాజులు గారు పాత పుస్తకానికి జిగురు రాసి అట్ట అంటిస్తున్నారు. తలెత్తలేదు. భానుమూర్తి అరుగు మీదికి వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు.

అప్పుడే నూకరత్నం వచ్చింది. వీధి నాటకాలాడే పైడయ్య కూతురు. తండ్రికి ఇష్టంలేని పెళ్ళి చేసుకుని వెళ్ళి ఎనిమిదేళ్ళయింది. అప్పటినుంచీ మాటల్లేవు. ముసలాయన నాలుగు రోజులుగా మెతుకు ముట్టడం లేదని, ఈ కాగితం ఇమ్మన్నాడని పొరుగువాళ్ళు తెచ్చి ఇచ్చారట.

"రమ్మన్నాడో వద్దన్నాడో అదొక్కటీ సెప్పండి బాబూ. పన్నెండింటికి మా బస్సు. పరాయి ఊరు పనికెల్తే మరి ఆర్నెల్లదాకా రాం."

భానుమూర్తి పైకి చదివాడు.

దొంగవగుచు నాదు దుఃఖములను దోచి
కంటినీరు దోచి కలత దోచి
పోవునాడు తిరిగి పోసితి వవియెల్ల
యింటినిండ నిట్టి యింతి గలదె

చదవగానే అతని మనసుకు గట్టిగానే తగిలింది. కన్నకూతురిని దొంగ అంటాడా అని ఒళ్ళు మండింది. ఇల్లంతా దుఃఖం పోసి పోయావంటున్నాడని, చెప్పలేక చెప్పాడు.

"బడి మేష్టారూ అదే సెప్పినారు," అంది నూకరత్నం. "కాగితం మీకాడే ఉంచండి." మరి నిలబడకుండా వెళ్ళిపోయింది.

భానుమూర్తి కూర్చోలేకపోయాడు. పద్యం మళ్ళీ చదివాడు. దొంగ దుఃఖాన్ని ఎందుకు దోచుకుంటుంది? కన్నీరు దోచినవాళ్ళను ఎవరైనా తిడతారా? నోటుపుస్తకం తిరగేశాడు. వ్యాజస్తుతి: నిందలా వినబడే పొగడ్త. దాని పక్కన, పరీక్షలో అరుదు, అని తనే రాసుకున్నాడు.

చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తాడు. తారురోడ్డు కాలిపోతోంది. బస్సు అప్పటికే కదలడానికి సిద్ధంగా ఉంది. రొప్పుతూ కిటికీ పట్టుకున్నాడు.

"అమ్మా, నేను తప్పు చెప్పాను. నువ్వు ఆ ఇంట్లో ఏం దోచావంటున్నాడో ఒక్కసారి విను," అని మొదటి రెండు పాదాలు నెమ్మదిగా చదివాడు.

నూకరత్నం వింది. "మాయమ్మ పోయినకాడ్నించి ఇల్లు నానే సూసుకున్నాను," అంది. "అయ్యని ఏడవనిచ్చేదాన్ని కాదు." "నాను పోయిననాడు అయన్నీ మళ్ళీ ఇంటికొచ్చేసినాయన్నమాట," అంది.

ఆమె దిగిపోయింది. పక్కనున్న భర్త ఆమె బట్టల సంచీ కిటికీలోంచి అందించి, తనూ దిగాడు. ఇద్దరూ తండ్రి ఉండే వీధి వైపు గబగబా నడిచారు.

భానుమూర్తి తిరిగి వస్తుంటే సగం దారిలో సోమయాజులు గారు ఎదురయ్యారు. చేతికింకా జిగురుంది. కర్ర ఊతంగా పట్టుకుని ఆయాసపడుతున్నారు. ఆయన కూడా ఆ బస్సు ఆపడానికే బయలుదేరారని శిష్యుడికి అర్థమైంది.

"దిగిందా?"

"దిగిందండి."

ఆయన రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నారు. ఊపిరి నెమ్మదించాక అడిగారు:

"ఆ అలంకారం పేరు ఆమెకు చెప్పావా?"

"లేదండి. ఆమెకు దాని అవసరం రాలేదు."

"నీకు వచ్చింది," అన్నారు సోమయాజులు గారు.