గండభేరుండం కొలువులో కుముదుడి వాదన

ఏ కాలంలోనో, పిల్లలూ, కేసరవనం అనే దేశాన్ని సుధన్వుడు అనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయంతుడు, రెండోవాడు సుమంతుడు, మూడోవాడు కుముదుడు. ముగ్గురూ ఒకే గురువు దగ్గర న్యాయశాస్త్రం చదువుకున్నారు. పెద్దవాడి చదువు గొప్పది. రెండోవాడి గొంతు గొప్పది. కుముదుడికి రెండూ మామూలే. పైగా నలుగురి ముందు నిలబడితే మోకాళ్లు వణికేవి.

ఒకనాడు ధూమనేత్రుడనే మాంత్రికుడు వచ్చి రాజ్యంలో సగం ఇమ్మన్నాడు. రాజు ఇవ్వనన్నాడు. మాంత్రికుడు గుప్పెడు బూడిద చల్లాడు. రాజు సింహాసనం మీదే శిలైపోయాడు.

ఆ మాంత్రికుడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ప్రాణం వాడి ఒంట్లో లేనంతకాలమే వాడి మంత్రాలు పనిచేస్తాయి. ఆ చిలక ఏడు సముద్రాల అవతల, గండభేరుండం కొలువులో, పంజరంలో ఉంది. గండభేరుండమంటే రెండు తలల పక్షి. ఆ కొలువుకు అదే న్యాయమూర్తి. అక్కడికి కత్తి తీసుకుపోకూడదు. ఏం కావాలన్నా నోటితో వాదించి గెలుచుకోవాలి. చిల్లు ఉన్న రాగి గిన్నెను నీళ్లలో వదులుతారు. అది మునిగేలోపు వాదన ముగించాలి. కోరి వచ్చినవాడు ఓడితే అక్కడే శిలైపోతాడు. అదే కోరికను తర్వాత ఎవరైనా గెలిస్తే మళ్లీ మనిషవుతాడు.

జయంతుడు వెళ్లాడు, తిరిగి రాలేదు. సుమంతుడు వెళ్లాడు, తిరిగి రాలేదు. ఇక కుముదుడు బయలుదేరాడు.

ఒక ముసలి తాబేలు అతన్ని వీపు మీద ఎక్కించుకుంది. ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఆరు దాటింది. ఏడోదాని ఒడ్డున ఒక దీవి దగ్గర ఆగి, "ఇక్కడ వకుళ అనే రాకుమారి ఉంది. వాళ్ల నాన్న ఆ కొలువులో ముప్పై ఏళ్లు వాదించాడు. ఆమెను చూసి వెళ్లు," అంది.

వకుళ అతని సంగతంతా విన్నది.

"మా అన్నలు ఎలా ఓడిపోయారో మీకు తెలుసా?" అని అడిగాడు కుముదుడు.

"నేను అక్కడే ఉన్నాను. మీ పెద్దన్నగారు నూరు తాటాకులు రాసుకొచ్చి చదవసాగారు. ఐదో ఆకు దగ్గర ఎడమ తల ఏదో అడిగింది. జవాబు తొంభయ్యో ఆకులో ఉందట. వెతుకుతుండగానే గిన్నె మునిగింది."

"రెండో అన్నయ్య?"

"ఆయన చాలా బాగా మాట్లాడారు. అడిగినదానికి తప్ప అన్నిటికీ జవాబు చెప్పారు."

వకుళ అతన్ని మూడు రోజులు అక్కడే ఉంచింది. ఒక కాకిని, ఒక కప్పను, ఒక ముంగిసను పిలిచి, "ఈయన వాదిస్తాడు. మీరు అడ్డుపడుతూ ఉండండి," అంది.

మొదటి రోజు కుముదుడు నోరు విప్పగానే కాకి, "ఇంతకీ నీకేం కావాలి?" అంది. అతను తండ్రి మంచితనం గురించి చెప్పసాగాడు. "నేనడిగింది అది కాదు," అంది కాకి. సాయంత్రానికి గానీ తనకేం కావాలో ఒక్క మాటలో చెప్పలేకపోయాడు.

రెండో రోజు కప్ప మాంత్రికుడి తరఫున వాదించింది. కుముదుడు ఓడిపోయాడు. ఆ రోజంతా కప్ప వాదన తనే వల్లించుకున్నాడు.

మూడో రోజు ముంగిస అతనికి తెలియని విషయం అడిగింది. అతను ఏదో కల్పించి చెప్పాడు. వకుళ ముఖం ముడుచుకుంది.

"ఒక్క అబద్ధం పట్టుబడితే, మీరు చెప్పిన నిజాలు కూడా ఎవరూ నమ్మరు. తెలియకపోతే తెలియదనండి."

"సరే. కానీ ఈ వణుకు తగ్గడం లేదు."

"తగ్గదు. నాన్నగారికి ఏనాడూ తగ్గలేదు. వణుకుతూనే లేచి నిలబడేవారు."

మర్నాడు కుముదుడు తాబేలు మీద ఏడో సముద్రం కూడా దాటి కొలువులో అడుగుపెట్టాడు. గుమ్మం పక్కన, పాత శిలల మధ్య, అన్నలిద్దరూ శిలలై నిలబడి ఉన్నారు. ఎదురుగా ధూమనేత్రుడు నవ్వుతూ ఉన్నాడు. కుముదుడి చేతిలో ఒక్క ఆకూ లేదు. గిన్నె నీళ్లలోకి వదిలారు.

"అయ్యా, ఈ మాంత్రికుడి ప్రాణం మాంత్రికుడే తీసుకుని, చిలకను వదిలిపెట్టాలని కోరుతున్నాను. దాన్ని అడగకుండా దాంట్లో తన ప్రాణం దాచాడు. అదే నా కారణం."

"తీసుకుంటే చస్తాడా?" అంది కుడి తల.

చావడని చెబితే పని తేలికవుతుందని కుముదుడికి తోచింది. "అందరిలాగే బతికి, అందరిలాగే ఎప్పుడో పోతాడనుకుంటున్నాను. ఎప్పుడో మాత్రం నాకు తెలియదు," అన్నాడు.

"చిలకకు రోజూ జామపండ్లు పెడుతున్నాడే?" అంది ఎడమ తల. అది కప్ప వేసిన ప్రశ్నే.

"పెడుతున్నాడు, కాదనను. పండు తిన్నంత మాత్రాన ప్రాణం మోయడానికి ఒప్పుకున్నట్టు కాదు."

"ఒప్పుకోలేదని నీకెలా తెలుసు? నువ్వు చూశావా?"

"చూడలేదు. చూసింది చిలక. అది ఇక్కడే ఉంది, అడగండి."

నూరేళ్లుగా ఎందరో వచ్చి ఆ చిలక కోసం వాదించారు గానీ, దాన్ని అడగమన్నవాడు లేడు.

గిన్నె ఇంకా సగమే మునిగింది. కుముదుడి దగ్గర తండ్రి గురించి ఒక చక్కటి పద్యం మిగిలి ఉంది. దాన్ని మింగేసి, నమస్కరించి కూర్చున్నాడు. ధూమనేత్రుడు లేచి, గిన్నె అంచు మునిగేదాకా మాట్లాడాడు.

అప్పుడు రెండు తలలూ చిలక వైపు తిరిగాయి.

"నన్నెవరూ అడగలేదు," అంది చిలక. "గూట్లో పిల్లగా ఉండగా పట్టుకున్నాడు. ఈయనకు రావలసిన పీడకలలన్నీ నాకు వస్తున్నాయి. నూరేళ్లుగా నాకు సరైన నిద్ర లేదు."

రెండు తలలూ ఒకదాని చెవిలో ఒకటి మాట్లాడుకున్నాయి. పంజరం తెరుచుకుంది. ప్రాణం తిరిగి ఒంట్లోకి రాగానే ధూమనేత్రుడు నడుం వంగిన ముసలివాడైపోయి, నేల మీద చతికిలబడ్డాడు. గుమ్మం దగ్గర శిలలన్నీ కదిలాయి. జయంతుడు ఆవులించాడు, సుమంతుడు దగ్గాడు. కేసరవనంలో సుధన్వుడు సింహాసనం మీద కదిలి మంచినీళ్లు అడిగాడు. చిలక ఎవరి వైపూ చూడకుండా ఎగిరిపోయింది.

కుముదుడు అన్నలతో దీవికి వచ్చి, తనను పెళ్లాడతావా అని వకుళను అడిగాడు. ఆమె సరేనంది. అన్నలిద్దరూ సింహాసనం తమ్ముడికే ఇమ్మని తండ్రికి చెప్పారు. కుముదుడూ వకుళా పక్కపక్కన కూర్చుని ఊరివాళ్ల తగవులు వింటూ, ఏబై ఏళ్లు ఆ దేశాన్ని చల్లగా ఏలారు. ఇద్దరి మధ్యా మాత్రం ఏ వాదనా ఒక పూటలో తేలేది కాదట.