పొగ కళ్ళలోకే ఎందుకొస్తుంది

ఒకప్పుడు పొగంత మెత్తనిది లోకంలో ఇంకోటి ఉండేది కాదు. కళ్ళలో పడినా మండేది కాదు. పొయ్యిలోంచి లేచి, పిల్లల బుగ్గలు నిమిరి, వాకిట్లోంచి మెల్లగా బయటికి పోయేది. దాని దారిన అది.

ఆ రోజుల్లో కొండ కింద, ఏటి ఒడ్డున ఒక గూడెంలో ఉంగమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి లేక లేక ఆడపిల్ల పుట్టింది. నెల దాటినా పేరు పెట్టలేదు. ఎలా పెడతారు? ఆ గూడెంలో పేరు పెట్టాల్సింది మేనమామ. ఊరికే పెట్టేస్తే కుదరదు. బిడ్డ కోసం కోసిన పంది పక్కటెముక కొరికి, ఆ నోటితోనే పేరు పిలవాలి.

పందిని కోశారు. గూడెమంతా తిన్నారు. మేనమామ జోగయ్య వాటా పక్కటెముకలు విడిగా తీసిపెట్టారు. ఆయన బయల్దేరాడు కూడా. అంతలో వాన! ఏరు పొంగింది. జోగయ్య అవతలి గట్టునే చిక్కుకుపోయాడు.

"వరద తగ్గాలంటే వారం పడుతుంది. ఈ మాంసం రెండ్రోజులు కూడా ఆగదే!" అని ఉంగమ్మ లబోదిబోమంది. ఉన్నది ఆ ఒక్క పందే. మళ్ళీ ఇంకో పంది పెరిగేదాకా ఏడాది పాటు బిడ్డని "ఒసే, ఇదిగో" అని పిలుచుకోవాల్సిందే.

మాంసం ఆరబెట్టి పెట్టమని ఉంగమ్మ ముందు ఎండని అడిగింది. "మబ్బులు మూసేశాయి తల్లీ, నేనే బయటికి రాలేకపోతున్నా" అంది ఎండ.

మంటని అడిగింది. "నాకిచ్చెయ్, చిటికెలో తేల్చేస్తా!" అని నాలుక చాపింది మంట.

"నీకిస్తే మా అన్నకి బూడిదే మిగుల్తుంది, పోవే!" అని కసిరింది ఉంగమ్మ.

అప్పుడు మూలనుంచి పొగ మాట్లాడింది. "నేను చూసుకుంటాలే ఉంగమ్మా. ఉప్పూ పసుపూ రాసి, పొయ్యి మీద అటకెక్కించు. పైన గంప బోర్లించు. కింద పచ్చి నేరేడు కట్టె పెట్టు. నిప్పు ఉండాలి గానీ మంట లేవకూడదు. ఎముకల సందుల్లో దూరి కూర్చుంటా. నెలైనా పాడవనివ్వను. కానీ గంప మాత్రం ఎత్తకు. ఎత్తితే నేను జారిపోతా."

"అయ్యో, నేనెందుకెత్తుతా!" అంది ఉంగమ్మ.

అనడమైతే అంది. గంజి వార్చి ఓసారి ఎత్తింది. బిడ్డకి పాలిచ్చి ఓసారి ఎత్తింది. "ఒక్క రవ్వే చూశా" అని మళ్ళీ ఎత్తింది. మొగుడు ముత్తయ్య వచ్చి, ఉప్పు పట్టిందో లేదోనని ఎత్తాడు. పక్కింటి ముసలమ్మ "నేను మాత్రం చూడొద్దా?" అని ఎత్తింది. ఎత్తినప్పుడల్లా పొగంతా బుస్సున బయటికి పోయేది. పాపం, మళ్ళీ మొదటికే వచ్చేది.

రెండో రోజుకి ఒక కొస మెత్తబడి వాసనేసింది. ఉంగమ్మ ఆ కొస కోసి పారేసింది.

"మోసం చేశావే పొగా!" అంది.

"నేనా? నన్ను కుదురుగా కూర్చోనిస్తేగా!" అంది పొగ.

"చూడకుండా ఉండలేకపోతున్నానే! నా బిడ్డ నిద్రలో ఉలిక్కిపడితే ఏమని పిలిచి ఊరుకోబెట్టను? పిలవడానికి పేరే లేదు కదే!" అని ఉంగమ్మ బావురుమంది.

పొగకి జాలేసింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కోపం కూడా వచ్చింది. తిన్నగా మంట దగ్గరికి పోయి, "నీ చురుకు ఒక్క చిటికెడు పెట్టు" అని అడిగింది.

"మెతకదానివి, నీకెందుకే?" అని నవ్వింది మంట.

"కాపలాకి."

మంట ఇచ్చింది. ఉంగమ్మ చెయ్యి మళ్ళీ గంప మీదికి పోయిందో లేదో, పొగ ఎగిరి ఆమె కళ్ళలో పడింది. "అమ్మో, నా కళ్ళు!" అని ఉంగమ్మ బయటికి పరుగు. ముత్తయ్య అటువైపు నుంచి వస్తే పొగ అటు తిరిగింది. ముసలమ్మ ఇటువైపు నుంచి వస్తే ఇటు తిరిగింది. ఇక గంప జోలికి ఎవరూ పోలేదు.

ఎనిమిదో రోజు వరద తీసింది. నడుం దాకా తడిసి జోగయ్య వచ్చాడు. గంప ఎత్తితే పక్కటెముకలు ఎర్రగా, గట్టిగా, ఘుమఘుమలాడుతూ ఉన్నాయి. ఉడకబెట్టి చేతికిచ్చారు. పొగ ఆయన్నీ వదల్లేదు. మేనమామైతే దానికేంటి? కళ్ళు ధారలు కడుతుండగా జోగయ్య ఎముక కొరికి, "సుక్కీ!" అని పిలిచాడు. బిడ్డ తల తిప్పి చూసింది.

"ఏడుస్తున్నావా అన్నా?" అంది ఉంగమ్మ వాకిట్లోంచి.

"ఛ, పొగే! మరి నీకేమైంది?"

"నాక్కూడా పొగే" అంది ఉంగమ్మ. వాకిట్లో పొగే లేదు.

ఆ సంబరంలో పొగ సంగతి అందరూ మర్చిపోయారు.

అప్పటినుంచే పొయ్యి దగ్గర మనం ఏ పక్కన కూర్చున్నా, లేచి అటు జరిగినా ఇటు జరిగినా, పొగ వెతుక్కుంటూ వచ్చి కళ్ళలోనే పడుతుంది. పిచ్చిది, ఇంకా కాపలా కాస్తూనే ఉంది. పాపకి పేరు పెట్టేశామని దానికి ఎవరూ చెప్పలేదు మరి!