మురహరి అడగని ప్రశ్న

తనకు తెలియని విషయాన్ని తెలియదని ఒప్పుకోలేని మురహరి అనే యువకుడు వరంగల్‌లో ఆఫీసులకు కంప్యూటర్ కేబుళ్లు వేసే పని చేస్తుండేవాడు. పనిమంతుడే. గోడల్లోంచి, సీలింగుల పైనుంచి కేబుల్ లాగి చివర్లు బిగిస్తే ఒక్కటీ ఊడేది కాదు. బంధువుల్లో ఎవరి ఫోను పాడైనా, ఎవరి టీవీ ఆగినా అతన్నే పిలిచేవారు. "మురహరికి రాని పని లేదు" అని అందరూ అనేవారు. ఆ మాట వినీ వినీ అతనికి ఒక భయం పట్టుకుంది. ఎక్కడైనా "నాకు రాదు" అంటే ఇన్నాళ్ల పేరు పోతుందని.

ముప్పై ఏళ్లు దాటాక అతనికి నిచ్చెనలెక్కే పని మీద విసుగు పుట్టింది. నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్ పరీక్ష పాసైతే ఏసీ గదిలో కూర్చుని చేసే ఉద్యోగం వస్తుందని భార్య సుజన కూడా అంది. హనుమకొండలో షరీఫ్ సార్ నడిపే శిక్షణ కేంద్రంలో చేరాడు. తరగతిలో పన్నెండు మంది ఉండేవారు. అందరికంటే వయసులో పెద్ద మురహరే. మిగతావాళ్లు అతన్ని అన్నా అని పిలిచేవారు.

రెండో వారంలో షరీఫ్ సార్ సబ్‌నెట్టింగ్ మొదలుపెట్టాడు. నెట్‌వర్క్‌లో ప్రతి కంప్యూటర్‌కూ ఇంటి నంబర్ లాంటి చిరునామా ఒకటి ఉంటుంది. ఆ చిరునామాలను వీధులుగా విడగొట్టి, ఏ వీధి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో లెక్క కట్టడమే సబ్‌నెట్టింగ్. సార్ బోర్డు నిండా సున్నాలు, ఒకట్లు రాసి, "అర్థమైందా?" అని అడిగాడు. మురహరికి ఒక్క ముక్క ఎక్కలేదు. అయినా అందరికంటే ముందు తలూపాడు.

వెనక బెంచీలోంచి దేవిక లేచింది. డిగ్రీ అప్పుడే పూర్తిచేసిన పిల్ల. "సార్, నాకు అర్థం కాలేదు. మళ్లీ మొదటి నుంచి చెప్పరా?" అంది. అలా అడగడం ఆ గంటలో అది మూడోసారి. తరగతిలో నవ్వులు వినిపించాయి. మురహరీ నవ్వాడు. కానీ సార్ మళ్లీ చెబుతుంటే చెవులు రిక్కించి విన్నాడు. అప్పటికీ అర్థం కాలేదు.

షరీఫ్ సార్ పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్న మనిషి. ఎవరికి అర్థం కాలేదో ముఖం చూసి పసిగట్టేవాడు. మరుసటి రోజు లెక్క ఒకటి ఇచ్చి, "మురహరీ, బోర్డు దగ్గరికి వస్తావా?" అన్నాడు. మురహరి జేబులోంచి ఫోను తీసి, "ముఖ్యమైన ఫోన్ సార్" అంటూ బయటికి వెళ్లిపోయాడు. తరగతి అయిపోయేదాకా వరండాలోనే నిలబడ్డాడు.

అందరూ వెళ్లాక సార్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఒక గంట కూర్చుందామా? మనిద్దరమే. ఎవరికీ తెలియదు" అన్నాడు.

"నాకొచ్చు సార్. కేబుల్ పనిలో ఇవన్నీ చూసినవే" అన్నాడు మురహరి.

సార్ ఒక క్షణం అతని ముఖంలోకి చూసి, "సరే, ఎప్పుడు కావాలన్నా అడుగు" అని వెళ్లిపోయాడు.

ఆ పాఠం మీదే తరువాతి పాఠాలన్నీ ఆధారపడి ఉన్నాయి. అందుకే మురహరికి అవీ అందలేదు. మూడు నెలల తరువాత పరీక్ష రాసి తప్పాడు. ఇంటికొచ్చి సుజనతో, "అక్కడి కంప్యూటర్లు మొరాయించాయి. మళ్లీ పెడతారట" అన్నాడు. అదే పరీక్షలో దేవిక కూడా తప్పింది. మర్నాడు ఆమె తరగతికి వచ్చి ఎన్ని మార్కులు తగ్గాయో అందరి ముందూ చెప్పి, రోజూ సాయంత్రం షరీఫ్ సార్ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. మురహరి మాత్రం తరగతికి వెళ్లడం మానేశాడు.

ఎవరో అతనికి పరీక్షలో వచ్చే ప్రశ్నలు, జవాబులు దొంగచాటుగా అమ్మే కట్టను చూపించారు. నాలుగు వందల ప్రశ్నలు. మురహరి వాటిని ఎక్కాల్లా బట్టీ పట్టాడు. ఈసారి పాసయ్యాడు. సుజన సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించింది. బంధువులు ఫోన్లు చేసి అభినందించారు. అతను ఒక్కొక్కరికీ పని ఉందని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

రెండు నెలల్లో నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో నెట్‌వర్క్ విభాగంలో ఉద్యోగం వచ్చింది. అతని పైఅధికారి గోవర్ధన్ మంచివాడు. చిక్కు పనులన్నీ తనే చేసుకునేవాడు. మురహరి కేబుళ్లు సరిచూస్తూ, ప్రింటర్లు బాగుచేస్తూ ఆరు నెలలు నెట్టుకొచ్చాడు. ఇక గండం గడిచిందనుకున్నాడు.

ఒకరోజు గోవర్ధన్ మరదలి పెళ్లికి బయలుదేరుతూ, "డయాలసిస్ వార్డు కొత్త గదిలో ఎనిమిది కంప్యూటర్లు పెట్టారు. రేపు పొద్దున వాటికి చిరునామాలు ఇచ్చెయ్యి. చిన్న లెక్కే. ఏమన్నా సందేహం ఉంటే ఫోన్ చెయ్యి, పెళ్లిలో ఉన్నా ఎత్తుతా" అన్నాడు.

"నేను చూసుకుంటా సార్" అన్నాడు మురహరి.

మర్నాడు పదకొండు గంటలకు అతను ఆ ఎనిమిది కంప్యూటర్ల ముందు కూర్చున్నాడు. బట్టీ పట్టిన నాలుగు వందల జవాబుల్లో ఈ లెక్కకు జవాబు లేదు. కొత్త వీధి ఎక్కడ మొదలవ్వాలో అతనికి తెలియలేదు. తోచిన అంకెలు వేశాడు. కంప్యూటర్లు వెలిగాయి. హమ్మయ్య అనుకున్నాడు. కానీ అతను ఇచ్చిన చిరునామాల్లో ఒకటి అప్పటికే రక్తపరీక్షల ల్యాబు ప్రధాన కంప్యూటర్‌ది. ఒకే ఇంటి నంబరు రెండు ఇళ్లకు పడింది. ల్యాబులో తయారైన రిపోర్టులు వార్డులకు చేరడం ఆగిపోయింది.

పావుగంటకు ఎమర్జెన్సీ వార్డు నుంచి నర్సు కరుణ ఫోన్ చేసింది. "రిపోర్టులు రావడం లేదండీ. ల్యాబువాళ్లేమో పంపించామంటున్నారు. ఎంతసేపు పడుతుంది?"

"ఐదు నిమిషాలు" అన్నాడు మురహరి.

తప్పు తనవల్లే జరిగిందని అతనికి లోపల తెలుస్తూనే ఉంది. ఏది మార్చాలో మాత్రం తెలియదు. ఒక్కొక్క పరికరాన్నీ ఆపి మళ్లీ వేశాడు. అంకెలు మార్చాడు. ఇంకో రెండు వార్డులు ఆగిపోయాయి. ఫోను తీసి గోవర్ధన్ పేరు దాకా వెళ్లాడు. ఇంత చిన్న లెక్క రాదా అంటాడేమోనని ఆగాడు. షరీఫ్ సార్ పేరు దాకా వెళ్లాడు. ఇన్నాళ్లకు ఏ ముఖం పెట్టుకుని అడగాలనిపించింది. ఫోను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. కరుణ మరో రెండుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లూ "ఐదు నిమిషాలు" అనే చెప్పాడు. ఆ మాట నమ్మి వాళ్లు ఎదురుచూశారు.

చివరికి ఒంటిగంటన్నరకు కరుణ తనే ల్యాబుకు పరుగెత్తి రిపోర్టులు కాగితం మీద తెచ్చుకుంది. అందులో సాయమ్మ అనే నలభై ఏళ్ల రోగిది ఒకటి. ఆమె రక్తంలో పొటాషియం గుండెను ఆపేయగలిగేంతగా పెరిగింది. డాక్టరు ఇంజెక్షన్ తెప్పించేలోపే ఆమె గుండె ఆగిపోయింది.

రెండు గంటలకు గోవర్ధనే ఎవరో చెబితే విని ఫోన్ చేశాడు. ఏ అంకెలు వేశావో చదవమన్నాడు. మురహరి చదివాడు. "మూడోది తీసెయ్యి. మిగతావి నేను చెబుతా, రాసుకో" అన్నాడు. నాలుగు నిమిషాల్లో అంతా మామూలైంది.

రిపోర్టు ఆలస్యమై ఒక రోగి చనిపోయిందని విని మురహరి ఎమర్జెన్సీ వార్డు వైపు నడిచాడు. వరండాలో సాయమ్మ భర్త నర్సింహులు గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. ఇళ్లకు రంగులు వేసే మనిషి. చొక్కా మీద సున్నం మరకలు ఆరనేలేదు. మెడలో ఆసుపత్రి కార్డున్న మురహరిని చూసి లేచాడు.

"సారూ, మీరన్న చెప్పుండ్రి. పొద్దున మంచిగనే మాట్లాడింది. అన్నం తిన్నవా అని నన్నే అడిగింది. గింతలోనే ఏమైంది సారూ?"

మురహరి నోట, "నాకు తెలియదు" అనే మాట వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనడం అదే మొదలు. అది అబద్ధం.

తరువాత జరిగిన విచారణలో సాంకేతిక లోపం అని రాసి కాగితాలు మూసేశారు. అతని పేరు ఎవరూ ఎత్తలేదు. ఒకసారి ధైర్యం చేసి డాక్టరును అడిగాడు. "గంట ముందు రిపోర్టు చూసి ఉంటే ఒక అవకాశం ఉండేది. బతికేదని కచ్చితంగా చెప్పలేం" అన్నాడాయన. ఆ కచ్చితంగా చెప్పలేకపోవడమే మురహరిని తినేసింది. అన్నం సహించేది కాదు. సుజన అడిగితే ఒంట్లో బాగాలేదనేవాడు.

నెల తిరిగేసరికి జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసి సూపరింటెండెంటుకు ఇచ్చాడు. ఉద్యోగం పోయింది. దానికి అతను బాధపడలేదు. ఆసుపత్రి రికార్డుల్లో చిరునామా చూసుకుని నర్సింహులు ఇంటికి వెళ్లాడు. గుమ్మం బయటే నిలబడి మొత్తం చెప్పాడు.

నర్సింహులు కేకలు వేయలేదు. "అడుగుతె చెప్పెటోళ్లు ఎవ్వరూ లేకుండెనా?" అన్నాడు.

"ఉన్నారు. ఇద్దరున్నారు."

"మరి ఎందుకు అడగలే?"

మురహరి తలెత్తలేకపోయాడు. "సిగ్గేసింది" అన్నాడు.

నర్సింహులు అతని వైపు ఒకసారి చూశాడు. లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. మురహరి ఆ తలుపు ముందు ఎండలో చాలాసేపు నిలబడ్డాడు. అది మళ్లీ తెరుచుకోలేదు.

నీతి: తెలియనిదాన్ని తెలియదని చెప్పకుండా దాచుకునేవాడి వల్ల అతనొక్కడే నష్టపోడు, అతన్ని నమ్మి ఎదురుచూసిన, ఏ పాపం ఎరుగని మనిషి ఆ నష్టాన్ని మోయాల్సి వస్తుంది.