చివరి మనిషి చేతి గంట

గుంపుగా నడిచేటప్పుడు మీరెక్కడ ఉంటారు? ముందా, వెనకా? గొప్పగా చేతులెత్తకండి. ముందు ఇంద్రజ సంగతి వినండి.

బోదికొండ దారిలో ఏటా నడిచే యాత్రికుల్లో ఇంద్రజ అనే అమ్మాయి ఉండేది, ఒకరి వెనక నడవడమంటే ఆమెకు ఒళ్లు మండేది. బస్సు ఆగకముందే మెట్టు మీద నిలబడేది. ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే జవాబు చెప్పేసేది.

ఆ దారి ధర్మనంది అనే పండిత భిక్షువుది. ఏనాడో ఆయన తాటాకు పుస్తకాలు మోసుకుంటూ, శిష్యులతో ఆ కొండల్లో ఏడు మజిలీలు నడిచాడని అక్కడివాళ్లు చెప్పుకునేవారు. అంతటి పండితుడూ శిష్యులందరి వెనకే నడిచేవాడట. అందుకే ఆ యాత్రలో ఒక ఆచారం ఉండేది. అందరికంటే చివర నడిచే మనిషి ఇత్తడి గంట మోగిస్తూ రావాలి. గంట మోగినంతసేపూ వెనక అంతా క్షేమం. ఆగిందా, ముందున్నవాళ్లు వెనక్కి రావాలి.

ఏడో మజిలీ ఒక గుహ. అందరికంటే ముందు చేరినవాళ్లే అక్కడ దీపం వెలిగించాలి. అయితే గంట గుహకు చేరాకే వెలిగించాలి, అదీ సాయంత్రపు ఎండ గుహలోంచి తప్పుకోకముందే. తప్పుకుంటే ఆ ఏటికి దీపం లేనట్టే.

ఆ దీపం కోసం ఇంద్రజ రెండేళ్లు పరుగెత్తింది. రెండుసార్లూ అది కొద్దిలో చేజారింది. మూడో ఏడు, చివరి రోజు పొద్దున, యాత్ర నడిపించే భూషణం మాస్టారు గంట తెచ్చి ఆమె చేతిలోనే పెట్టాడు.

"నాకా! మాస్టారూ, నా నడక మీకు తెలుసు కదా?"

"తెలుసు కాబట్టే ఇస్తున్నానమ్మా. ఈ ఒక్కరోజు వెనక నడిచి చూడు."

"అంటే శిక్షా?"

"శిక్ష కాదు తల్లీ, పని. ధర్మనంది చేసిన పని."

నలభై మంది ముందు కాదనలేక ఇంద్రజ గంట పుచ్చుకుంది. ఆమె ముందు వెంకాయమ్మ నడుస్తోంది. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మోకాలు నెమ్మది, నోరు జోరు.

"ఏమే అమ్మడూ, నన్ను చూస్తే నత్త గుర్తొస్తోందా?"

"అబ్బే, లేదు పిన్నిగారూ."

"అబద్ధం! నీ చూపులతోనే నన్ను తోసేస్తున్నావు."

ఇంద్రజ నవ్వలేదు. ముందువాళ్లు మలుపు తిరిగి కనుమరుగవుతుంటే ఆమె అరికాళ్లు దురదపెట్టాయి.

మధ్యాహ్నం దాటాక, వాగు దగ్గర వెంకాయమ్మ ఒక బండ మీద కూలబడింది. "మోకాలు మొరాయించింది. నువ్వు పద, రెండు నిమిషాల్లో అందుకుంటాను. గంట మాత్రం ఆపకు. నా ఒక్కదాని కోసం అంతమందిని వెనక్కి రప్పిస్తే సిగ్గుచేటు."

గంట ఆపాల్సింది అప్పుడే. ఆ సంగతి ఇంద్రజకు తెలుసు. అయినా ఆపలేదు. గబగబా నడిచి, ముందు పోతున్న గవర్రాజు అనే యాత్రికుణ్ణి అందుకుంది.

"బాబాయ్, కాస్త ఈ గంట పట్టుకుంటావా? నా చెయ్యి లాగేస్తోంది."

"దానికేం, ఇలా తే. వెనక ఇంకెవరైనా ఉన్నారా?"

ఇంద్రజ నోట్లోంచి మాట ఊడిపడింది. "ఎవరూ లేరు. నువ్వే చివర."

ఇక చూడాలి ఆమె పరుగు! అడ్డదారిన పడి, ముళ్లు గీసుకున్నా ఆగక, అందరికంటే ముందు గుహ చేరింది. ఒకరొకరే వచ్చారు. చివరికి గంట మోగిస్తూ గవర్రాజు వచ్చాడు. భూషణం మాస్టారు ఆశ్చర్యంగా చూశాడు.

"గంట నీ చేతికెలా వచ్చిందయ్యా?"

"అమ్మాయికి చెయ్యి నొప్పట. వెనక ఎవరూ లేరంది."

"సరే, గంట చేరింది. వెలిగించమ్మా."

ఎండ ఇంకా గుహలో జానెడు ఉంది. ఇంద్రజ చేతిలో అగ్గిపుల్ల వెలిగింది. రెండేళ్లుగా కోరుకున్న దీపం ఎదురుగా ఉంది. ఒక్కరూ వెంకాయమ్మ పేరెత్తలేదు. ఎందుకెత్తుతారు? గంట మోగుతూనే ఉంది కదా! పుల్ల వేలిదాకా కాలి చురుక్కుమంది. ఇంద్రజ దాన్ని కింద పడేసింది.

"గంట చేరింది, మనిషి చేరలేదు. వెంకాయమ్మగారు వాగు దగ్గరే ఉండిపోయారు. బాబాయ్‌కి నేను అబద్ధం చెప్పాను."

"ఎంత పని చేశావే!" అని గవర్రాజు గంట నేలకేసి కొట్టాడు. అప్పటికే ఇంద్రజ వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తుతోంది. ముగ్గురు మగవాళ్లు ఆమె వెంట పరుగెత్తారు.

వెంకాయమ్మ వాగులో నడుము లోతు నీళ్లలో ఉంది. దాటబోయి జారింది. చీలమండ బండల మధ్య ఇరుక్కుంది. పెదవులు నీలంగా ఉన్నాయి. నలుగురూ కలిసి బండ జరిపి, ఆమెను ఒడ్డుకు చేర్చారు.

"కేకలేశాను అమ్మడూ," అంది వెంకాయమ్మ వణుకుతూ. "ఎవరికి వినిపిస్తుంది? అందరూ గంటే వింటున్నారాయె. నేను ఆగిపోయాను. అది ఆగలేదు."

ఇంద్రజ ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని రుద్దుతూ ఉండిపోయింది. వెంకాయమ్మను మోసుకుని గుహకు చేరేసరికి ఎండ ఎప్పుడో జారిపోయింది. ఆ ఏడు ధర్మనంది గుహలో దీపం వెలగలేదు.

వెనకవాళ్ల భారం ఒప్పుకున్న మనిషి, వాళ్లు చేరేదాకా తాను చేరినట్టు కాదు. వాళ్లను వదిలి సాధించిన గెలుపు గెలుపే కాదు. ఇదే ఈ కథ నీతి.

విని ఊరుకోకండి. రేపు బడి వదలగానే గుంపుగా గేటు దగ్గరికి ఉరుకుతారు కదా, అక్కడ ఒక్క క్షణం ఆగండి. వెనక్కి తిరగండి. చివర ఉన్నవాళ్లను పేరు పెట్టి పిలవండి. వాళ్లు పలికాకే అడుగు వేయండి.