మాబున్ని ఇచ్చిన మిస్డ్ కాల్

కుళ్లాయప్ప మాస్టారు శిష్యుల కీబోర్డు ముట్టుకోరు. ఎవరైనా చిక్కు తెస్తే టీ గ్లాసు కింద పెట్టి, తమ వీధిలో జరిగిన సంగతి ఏదో చెబుతారు. కడపలో ఆయన దగ్గర వెబ్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్న మాకందరికీ ఆ వీధి కంఠతా వచ్చు, కోడింగే అంతంతమాత్రం.

ఒకనాడు ఓబులేసు తల పట్టుకుని వచ్చాడు. ఆసుపత్రి పేజీలో ఒక్కో రోగి పేరు పక్కన ‘పిలువు’ అని ఒక్కో బటన్ పెట్టాడు.

“బటన్ నొక్కితే సర్వర్లో రోగిని పిలిచే మెథడ్ ఠక్కున లేస్తాంది సార్. ఎవురిని పిలవాల్నో మాత్రం దానికి తెలీడంల్యా. ఆ పేరు పక్కనే గదా నొక్కినా! అదే తెలుసుకోగూడదా?”

మాస్టారు గ్లాసు కింద పెట్టారు.

వాళ్ల వీధిలో మాబున్ని అనే ఇల్లాలు ఉండేది. భర్త దస్తగిరి కువైట్‌లో డ్రైవరు. ఫోన్లో మాట ఖరీదైన రోజులవి. శుక్రవారం సాయంత్రం అతను ఒక మిస్డ్ కాల్ ఇస్తే, ఆమె తిరిగి ఒకటి ఇచ్చేది. అంతా క్షేమమని దానర్థం. ఒకసారి అతను మాట్లాడటానికే ఫోన్ చేశాడు. “ఇంకో రెండేండ్లకు సంతకం పెట్టమంటాండారు. నువ్వెట్లంటే అట్ల” అన్నాడు. చుట్టూ అత్త, మరుదులు, ఆడబిడ్డ. వచ్చెయ్యమన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గుతో మింగేసి, “శుక్రారం చెప్తాలే” అంది.

శుక్రవారం అతని గంట మోగింది. ఆమె ఫోన్లో మాట్లాడేంత బ్యాలెన్స్ లేదు, ఉన్నా ఇంట్లో చాటు లేదు. తిరిగి గంట కొట్టింది. వచ్చెయ్, వచ్చెయ్ అనుకుంటూ, ఎప్పటికన్నా ఎక్కువసేపు మోగనిచ్చి పెట్టేసింది. ఇంత ఆశ పెట్టుకుంటే అతనికి తెలియకుండా పోతుందా అనుకుంది పిచ్చితల్లి. మర్నాడే అతని చొక్కాలు తీసి ఉతికి ఆరేసింది.

దస్తగిరి వచ్చాడు, రెండేళ్లు నిండాక.

“వచ్చెయ్యమని గంట కొట్టినా గదా. సంతకమెట్ల పెట్టినావు?” అని ఏడ్చింది.

“గంట వచ్చింది మాబున్నీ. శానాసేపు మోగింది. సంతకం పెడ్తే నీకు సంతోషమే అనుకుంటి” అన్నాడతను.

అప్పుడు ఓబులేసు అడిగాడు. “పాపం, ఆయమ్మ తప్పేముంది సార్?”

“ఏం లేదు నాయనా. బాగానే నొక్కింది. చేరింది గంటొక్కటే” అంటూ మాస్టారు చల్లారిన టీ అందుకున్నారు. “నువ్వూ బాగానే నొక్కినావు.”