ఖాళీ దిమ్మె

రండి, ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. గోడ వారన ఉన్నవాళ్ళూ ఇటు రండి. ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు.

కోనంపేటలో చిదానందయ్య అని ఒక అయ్యవారు ఉండేవారు. ఎవరేం అడిగినా జవాబు చెప్పకుండా ఏదో ఒక పని పురమాయించడం ఆయన అలవాటు. ఆయన శిష్యుడు మద్దిలేటి. ఇంటింటికీ తిరిగి, మూలపడ్డ సేద్యపు పనిముట్లన్నీ సేకరించి, పాత ధాన్యపు గిడ్డంగిలో ప్రదర్శనకు పెట్టినవాడు. వాటిలో విత్తనం వేసే గొర్రు అంటే అతనికి ప్రాణం. పైన విత్తనం పోసే గిన్నెలాంటి జడ్డిగం, దాని బెజ్జాలనుంచి నేలలోకి దిగే వెదురు గొట్టాలు. చెదలు పట్టకుండా తన చేత్తోనే రెండు పూతలు ఎర్రరంగు వేసి, గది నడుమ దిమ్మె మీద నిలబెట్టాడు.

"అయ్యవారూ, మన సేద్యం మన తర్వాత కూడా నిలవాలంటే దీన్నెక్కడ దాచాలి?" అని అడిగాడొక ఉదయం.

అయ్యవారు నోరు తెరిచేలోపే ఊళ్ళో రైతు ఓబుళమ్మ గిడ్డంగి గుమ్మంలోకి వచ్చింది. రాత్రి మంచి వాన పడింది. విత్తే యంత్రాలన్నీ పెద్ద చేలల్లో తిరుగుతున్నాయి. తన వంతు వచ్చేసరికి నేలలో పదును ఆరిపోతుంది, ఇక ఈ ఏడు కొర్రచేను బీడే. "ఆ గొర్రు ఇప్పించండి సామీ, పొద్దు గూకేలోగా తెచ్చిస్తా" అంది.

మద్దిలేటి గొర్రుకు అడ్డంగా నిలబడ్డాడు. "అక్కా, అది చూడ్డానికి పెట్టింది! వచ్చేవారం పట్నంనుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. గీత పడితే?"

"ఇచ్చెయ్. నువ్వూ వెంట పో" అన్నారు అయ్యవారు.

చేలో ఎద్దులు కదిలాయి. ఓబుళమ్మ జడ్డిగంలో కొర్రలు పోసింది. గింజ దిగలేదు. కుప్పపడి అంచులు దాటి రాలింది. ఆమె వంగి చూసింది. బెజ్జాలన్నీ రంగుతో నున్నగా పూడిపోయి ఉన్నాయి.

"ఎంత ముద్దు చేసినావు నాయనా! దీని నోరు కుట్టేసి మరీ సింగారించినావే!"

పగ్గాలు పట్టుకున్న ఆమె మొగుడు పడీ పడీ నవ్వాడు. మద్దిలేటి చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి అతనికీ నవ్వాగలేదు. తడిమట్టిలో చతికిలబడి, పదును ఆరకముందే తుమ్మముల్లుతో ఒక్కొక్క బెజ్జం పొడిచి తెరిచాడు. లేవబోతే ఓబుళమ్మ విత్తనాల మూట అతని ఒళ్ళో పెట్టింది. "పూడ్చిన చెయ్యే పోయాల!"

మొదటి సాలులో గింజలు ముద్దముద్దగా పడ్డాయి. రెండో సాలుకు పిడికిలి వదులైంది. గొట్టాల్లోంచి సన్నగా, గలగలమంటూ గింజ జారింది. ఏడాదిగా తుడుస్తున్న గొర్రుకు ఒక చప్పుడుందని అతనికి అప్పుడే తెలిసింది. పొద్దు గూకేలోగా చేనంతా విత్తారు.

గొర్రు మాత్రం గదికి రాలేదు. తెల్లారి పక్క చేనుకు పోయింది, అక్కణ్ణుంచి మరో చేనుకు. వారానికి కొర్ర మొలిచింది. మొదటి సాలు ఒకచోట గుబురు, ఒకచోట బోడి. దారిన పోయేవాళ్ళు "అదిగో మద్దిలేటి సాలు" అని నవ్వితే, అతను మరో నలుగురిని పిలిచి చూపించుకునేవాడు.

పెద్దవాళ్ళు వచ్చేరోజు మోకాళ్ళదాకా మట్టితో అయ్యవారి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "అయ్యవారూ, దిమ్మె ఖాళీగా ఉంది. ఇంకేదైనా పెట్టమంటారా?"

"వద్దు. వచ్చినవాళ్ళకు ముందు అదే చూపించు" అన్నారాయన.

ఇక లేవండి. ఇళ్ళల్లో కొర్రన్నం చల్లారిపోతుంది, పోయి తినండి.