గుమ్మంలో నిలబడ్డ కుర్రవాడు

వీణ నేర్పే వేదవల్లమ్మగారికి ఒక అలవాటు. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పరు. ఆ సాయంత్రం శిష్యురాలు సులోచన వీణ ముందు కూర్చుందేగాని తీగ ముట్టలేదు. ఇంటర్ చదివే కూతురు తోటి కుర్రవాడెవరినో ఇష్టపడుతోందట. చదువు మానిపించి పల్లెలో అమ్మమ్మ దగ్గరికి పంపేద్దామని భర్త పట్టుబడుతున్నాడట. “ఏం చెయ్యమంటారమ్మా?” అని అడిగింది. గురువుగారు తమ వీణ పక్కన పెట్టి, తాము ఎరిగిన వకుళ సంగతి చెప్పారు.

వకుళది విజయనగరం. తపాలా ఆఫీసులో గుమాస్తా అయిన తండ్రి జగన్నాథానికి ఆమెను డాక్టరుగా చూడాలని ఒకటే తపన. ఇంటర్లో ఫిజిక్స్ ల్యాబులో ఆమెకు ధర్మారావు అనే కుర్రవాడు జత పడ్డాడు. అతను లోలకాన్ని వదిలితే ఆమె ఊపులు లెక్కపెట్టాలి. అతని ముఖం చూస్తూ లెక్క మరిచిపోయేది. అతను ఏమీ అనకుండా మళ్ళీ మొదటినుంచి వదిలేవాడు. సాయంత్రం ఆమె సైకిలు వెనకాలే కోట మలుపుదాకా అతని సైకిలు వచ్చేది. పక్కకు మాత్రం వచ్చేది కాదు. ఆ వానాకాలమంతా వాళ్ళ ప్రేమ అంతే.

ఎవరో చూసి జగన్నాథం చెవిన వేశారు. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. ఇక కాలేజీ లేదన్నాడు.

ఆదివారం పొద్దున్న ధర్మారావు ఆ ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, “వకుళ చదువు మానిపించకండి. నేనే సాలూరు వెళ్ళి చదువుకుంటానండి” అన్నాడు. తలుపు వెనక వకుళ నోటికి ఓణీ అడ్డం పెట్టుకుంది. జగన్నాథం చేతిలోని పేపరు దించలేదు. కుర్రవాడు కాసేపు చూసి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు తండ్రే ఆమెను కాలేజీలో దిగబెట్టాడు. ధర్మారావు అన్నమాట ప్రకారం సాలూరు వెళ్ళిపోయాడు. ల్యాబులో వకుళకు ఒక అమ్మాయిని జత వేశారు. ఆ అమ్మాయి దగ్గర వకుళ ఎన్నడూ లెక్క తప్పలేదు.

ఆమె డాక్టరయింది. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. ధర్మారావు మళ్ళీ కనబడలేదు. తండ్రి మంచాన పడ్డాక ఆమే దగ్గరుండి చూసుకుంది. ఒక మధ్యాహ్నం గంజి తాగిస్తుంటే ఆయన చెంచా పక్కకు నెట్టి, “ఆ కుర్రాడు ఎక్కడున్నాడమ్మా?” అని అడిగాడు. తెలియదంది. ఆయన చాలాసేపు వీధి తలుపుకేసి చూశాడు.

“లోపలికొచ్చి కూర్చోమని ఒక్క మాట అనలేకపోయాను” అన్నాడు.

గురువుగారు అక్కడితో ఆగారు. ఆ పిల్లల ప్రేమ తప్పో ఒప్పో చెబుతారేమోనని సులోచన ఎదురుచూసింది.

“నువ్వు ఇంటికి వెళ్ళు తల్లీ” అన్నారు ఆవిడ. “పాఠం రేపు చెప్పుకుందాం.”